బెల్లమన్నం

మురుగునీటి ట్యాంకులో ఆక్సిజన్ ఉన్నట్టుండి పడిపోయింది. ఇంజనీరు కిషోర్‌బాబు మీటరు మళ్లీ ముంచాడు. అదే అంకె.

"రుక్మాబాయీ, ఇందులో ఏం పోశావు?"

రోజూ బెల్లం నీళ్లు పోసి, మురికిని తినే సూక్ష్మజీవులను పెంచేది ఆమే. రెండు రోజులు పనికి రాలేదు.

"బెల్లమన్నం, సార్. ఏమన్న ఖరాబైందా?"

"లేదు. తినేటప్పుడు అవి గాలి ఎక్కువ పీలుస్తాయి. అందుకే అంకె పడింది."

"అంటే, తింటున్నయా?"

"బాగా తింటున్నాయి. అయినా అన్నమెందుకు పోశావు?"

రుక్మాబాయి ఖాళీ గిన్నెను కొళాయి కింద పెట్టి కడుగుతోంది.

"నా బిడ్డ సచ్చిపోయి ఇయ్యాల్టికి మూడొద్దులు, సార్. పొద్దుగాల ఈ అన్నమే పిట్టకు పెట్టినం. ఎంతసేపు సూసినా ఒక్క కాకి గూడ ముట్టలె."