తేలికైన తెర

అతని చేతిలో ఉన్నవి మూడు పాత కంప్యూటర్లు, ముగ్గురు టైపిస్టులు, ఐదు రోజుల గడువు. సమావేశాల రికార్డింగులు విని, టైపు చేసి ఇచ్చే ఆఫీసు అతనిది. ఈసారి ఆలస్యమైతే పని వేరేవాళ్లకు పోతుందని పని ఇచ్చిన పార్టీ ముందే చెప్పేసింది. కంప్యూటర్లు చూస్తే తెరుచుకోవడానికే ఆరు నిమిషాలు తీసుకుంటున్నాయి. మధ్యలో బిగుసుకుపోతున్నాయి కూడా.

మెకానిక్ వచ్చి చూశాడు. కంప్యూటర్లను నడిపే లినక్స్‌లో తప్పు లేదట, దాని మీద వేసిన డెస్క్‌టాప్ బరువైందట. నీడలు, మెరుపులు, ఎగిరొచ్చే బొమ్మలు.

"ముసలి ఎద్దుకి ఇన్ని గంటలు కడితే నడుస్తుందా సార్? తేలికపాటి డెస్క్‌టాప్ వేస్తా, ఇవే పరుగెడతాయి."

సరేనన్నాడు. కిటికీ పక్కన కూర్చునే పెద్ద టైపిస్టు ఒక్కతే అడ్డుపడింది. ముగ్గురి పనిలో సగం ఆమెదే. తెర వంక చూడకుండానే టైపు చేస్తుందని అతను పార్టీల దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు.

"నాదాన్ని వదిలేయండన్నా. నిదానమైనా అలవాటైపోయింది."

"నీ అలవాటు కోసం గడువు ఆగదు చెల్లెమ్మా."

ఆమె గొంతు తగ్గించి మళ్లీ అడిగింది. ఎన్నడూ ఏదీ అడగని మనిషి అంతగా బతిమాలడం అతనికి వింతగానే తోచింది. కానీ మొహమాటానికి పోతే మునిగేది తనే.

ఆమె ఇంటికెళ్లాక మెకానిక్ ఆమె వాడే మూడోదాని ముందు కూర్చున్నాడు. "దీన్లో ఇంకేదో నడుస్తోంది సార్. హెడ్‌ఫోన్‌లో గొణుగుతోంది. మిగతా రెంటిలో లేదు."

"పాటలై ఉంటాయి. తీసెయ్."

మర్నాడు ఎప్పటిలాగే ఆమె అందరికన్నా ముందొచ్చి, కుర్చీ వీపు తడిమి కూర్చుంది. అతనే స్వయంగా బటన్ నొక్కాడు. ఇరవై సెకన్లలో తెర తెరుచుకుంది. కలిసొచ్చిన నిమిషాలను మూడుతో హెచ్చవేసుకుని, గండం గట్టెక్కినట్టే అనుకున్నాడు.

ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కీబోర్డు మీద వేళ్లుంచింది. కదల్లేదు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి.

"అన్నా," అంది, తెర వెలుగు మొహం నిండా పడుతుండగా, "ఇంకా ఆన్ కాలేదా?"

అతను ఆమె కళ్ల ముందు చెయ్యి ఊపాడు. ఆ గాలి తగలగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది.

"రెండేళ్లుగా హెడ్‌ఫోన్‌లో ఆ గొంతే తెర మీదున్నది నాకు చదివి వినిపిస్తోంది. చెప్తే మాన్పించేస్తారని..." మిగతాది మింగేసి, సంచీ కోసం బల్లంతా చేత్తో వెతుక్కుంది.

ఆపుదామనుకున్నాడు. తీసేసింది మళ్లీ పెట్టించొచ్చు. కానీ కళ్లు కనబడని మనిషి చేత టైపు చేయిస్తున్నాడని పార్టీకి తెలిస్తే? అతను అటూ ఇటూ లెక్కేసుకునేలోపు ఆమె గోడ పట్టుకుని గుమ్మం దాటేసింది.

ఇప్పుడు అతని చేతిలో ఉన్నవి ఇరవై సెకన్లలో తెరుచుకునే మూడు కంప్యూటర్లు, ఇద్దరు టైపిస్టులు, నాలుగు రోజుల గడువు.