జూన్ పంచాంగం

"మటన్ ఉడికిందా లేదా లింగవ్వా? మేడం కారు ఎల్లారెడ్డి దాటిందట!"

గంగారాం బడి వరండాలో నిలబడి కేకేశాడు.

"ఉడుకుతున్నది బాపు. నువ్వు మొత్తుకుంటే జల్ది ఉడుకుతదా?" పొయ్యి దగ్గర నుంచి లింగవ్వ కూడా అంతే గట్టిగా జవాబిచ్చింది. ఆ బడిలో పిల్లలకు వండిపెట్టేది ఆమే.

నిజాంసాగర్ నీళ్ల ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఏడాదికి రెండు పంచాంగాలు. ఉగాది నాటిది పంతులు చదువుతాడు. జూన్ నాటిది గంగారాం చదువుతాడు. నీళ్లు ఎప్పుడొస్తాయి, గేట్లు ఎత్తితే పట్నం జనం ఎన్ని కార్లలో దిగుతారు, కాటేజీలకు వంటవాళ్లు దొరుకుతారా? అన్నీ ఊరివాళ్లంతా బడిలో కూర్చుని మాట్లాడుకుని, దావత్ చేసుకుని లేస్తారు. కాటేజీలున్న వాళ్లలో గంగారామే పెద్ద. బడి కమిటీకీ ఆయనే చైర్మన్.

ఈ ఏడు పంచాంగంలో మాత్రం ఒకటే మాట. బడి ఉంటుందా, పోతుందా?

పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. ఇంకొందరు చేరకపోతే బడి మూసి ఎల్లారెడ్డి బడిలో కలిపేస్తామన్నారు కామారెడ్డి విద్యాశాఖ వాళ్లు. ఆ పని మీదే ఈరోజు అక్కడి ఆఫీసరు మేడం వస్తోంది. అదే జరిగితే కాటేజీల్లో పనిచేసేవాళ్లు పిల్లల్ని తీసుకుని ఊరు వదిలిపోతారు. అది అటుంచి, గంగారాం మనవరాలు మొన్న వెక్కి వెక్కి ఏడ్చింది.

"మా బడి తీసేస్తే నేను ఇంకో బడికి పోనే పోను తాతా."

ఆ ఏడుపు చూసినప్పటి నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. ఇల్లిల్లూ తిరిగాడు. గడ్డాలు పట్టుకుని బతిమాలాడు. ఏం లాభం? అందరూ పిల్లల్ని ప్రైవేటు బడి బస్సులు ఎక్కించేశారు.

ఇక మిగిలింది మటనే. కడుపు నిండితే మేడం మనసు కరుగుతుందేమోనని ఆయన ఆశ.

అప్పుడే గేటు దగ్గర ఒక ముసలాయన కనిపించాడు. తెల్ల గడ్డం, చెప్పుల నిండా సిమెంటు దుమ్ము.

"సలాం సాబ్. నా పేరు ఖయ్యూం. ఆ ఒడ్డుకు కొత్త రిసార్టు కడుతున్నం, నేను మేస్త్రిని. ఈడ షరీక్ చేసుకుంటున్నరంటే వచ్చినం."

షరీక్ అట, షరీక్! దావత్‌లో కలుపుకోవాలట! పిలవని దావత్‌కు ఎంత దర్జాగా దిగాడో చూడు! మటన్ వాసన అవతలి ఒడ్డు దాకా పోయినట్టుంది అనుకున్నాడు గంగారాం.

"ఎంతమంది ఉన్నరేంది?"

"శానమంది ఉన్నరు సాబ్. ట్రాక్టర్ల కూసున్నరు. పొద్దుగాల్నే తానాలు చేసి తయారైండ్రు."

గంగారాంకు ఒళ్లు మండింది. తానాలు కూడా చేసి వచ్చారట! రోడ్డు మీద ట్రాక్టరు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన తల తిప్పి చూడలేదు.

"జాగ లేదు."

"జర చూడుండ్రి సాబ్. కిందనైనా కూసుంటరు."

"చెప్తే సమజ్ కాదా? నిండిపోయింది! మీ గుంపంత వచ్చి పడితే మావోళ్ల గతేంది?"

ముసలాయన ముఖం చిన్నబోయింది.

"మల్ల ఎప్పుడు రమ్మంటరు?"

"వచ్చే ఏడు రా, పో!"

ఖయ్యూం ఖాళీగా ఉన్న గదుల వైపు ఒకసారి, గంగారాం వైపు ఒకసారి చూశాడు. సలాం చేసి వెళ్లిపోయాడు.

"గదేంది బాపు! ముసలోనికి ఇంత అన్నం పెడితే పోయేదేముండె?" అంది లింగవ్వ.

"నీకేం ఎరుక? ఒక్కనికి పెడితే అందరు దిగుతరు. మేడం వచ్చే యాళ్లకు ఈ లొల్లి అవసరమా?"

మేడం వచ్చింది. పాపం, మంచి మనిషే. గదులు చూసింది, పిల్లల్ని దగ్గరికి తీసుకుంది. మటన్ మాత్రం ముట్టలేదు. గురువారం తినదట.

"నేనేం చేయను గంగారాం గారూ? పిల్లలే లేరు. ఇప్పటికిప్పుడు ఓ పది మందిని చూపించండి, బడి మూసే కాగితం బ్యాగులోంచి తీయనే తీయను."

మేడం తీసిన కాగితం మీద గంగారాం సంతకం పెట్టాడు. మేడం బడికి తాళం వేయించి, తాళంచెవి తీసుకుని కామారెడ్డి వెళ్లిపోయింది.

దావత్‌లో ఎవరికీ ముద్ద దిగలేదు. మటన్ వండిన గంజు నిండుగా అట్లే ఉండిపోయింది.

"పారబోయాల్నా బాపు?" కళ్లు తుడుచుకుంటూ అడిగింది లింగవ్వ.

గంగారాంకు పొద్దుటి ముసలాయన గుర్తొచ్చాడు. ఉన్న దుఃఖం చాలదన్నట్టు ఆకలిగొన్నవాళ్లను వెళ్లగొట్టిన పాపం కూడా ఎందుకు? గంజును ఆటోలో పెట్టించుకుని, పొద్దు వాలుతుండగా అవతలి ఒడ్డుకు పోయాడు.

గుడిసెల ముందు ఖయ్యూం అప్పుడే ట్రాక్టరు దిగుతున్నాడు. గంగారాంను చూసి గబగబా ఎదురొచ్చాడు.

"పొద్దుగాల కోపం చేసిన. మనసుల పెట్టుకోకు" అన్నాడు గంగారాం. "మటన్ తెచ్చిన. మీవోళ్లందరిని పిలువు, కడుపునిండ తినుండ్రి."

ముసలాయన అయోమయంగా చూశాడు.

"తినుడేంది సాబ్? మీ బడి నిండిపోయిందంటిరి గద, మా పోరగాండ్లందరిని తోల్కపోయి ఎల్లారెడ్డి బడిల పేర్లు రాయించి షరీక్ చేసి వస్తున్న."