ఎనిమిదో గుంట

ఇనుప కొట్టాయన చేతిలో ఉన్నది పదకొండుమంది చక్రవర్తులు. కావలసింది పన్నెండుమంది. ఒకరి తర్వాత ఒకరుగా రోమును ఏలిన ఆ పన్నెండుమంది ముఖాలనూ పాత వెండి నాణేల మీద పోగేసి, మఖమల్ పెట్టెలో వరసగా పేర్చుకోవాలని ఆయన పట్టుదల. దొరకనివాడల్లా ఎనిమిదోవాడు, ఓథో. గట్టిగా మూడు నెలలే ఏలాడు కనక అతని నాణేలు అరుదు. ఇప్పుడు ఆ ఓథో ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఉన్నాడు. తోడల్లుడి అరచేతిలో.

అరవడానికి కూడా లేదు. ఆయన కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నోటినిండా దూది. తోడల్లుడు పళ్ళ డాక్టరు మరి.

"అసలుదేనా అన్నయ్యా? ఈయన విగ్గు పెట్టుకునేవాడట కదా, చూడండి ఎలా వంకీలు తిరిగిందో!" అంటూ డాక్టరు తన భూతద్దాన్ని కిందికి వంచాడు.

ఆయన చూశాడు. అంచు చూశాడు, అక్షరాలు చూశాడు, కొసతేలిన ఆ ముక్కు చూశాడు. అసలుదే.

దూది తియ్యగానే ఉమ్మైనా వెయ్యలేదు. "ఎంతకిస్తావ్?"

"అమ్మేది కాదన్నయ్యా."

"నువ్వు పెట్టినదానికి రెట్టింపు."

"పదింతలిచ్చినా మీకు మాత్రం అమ్మను."

"ఏం చేసుకుంటావయ్యా? నీ దగ్గర వీడి ముందువాడూ లేడు, వెనకవాడూ లేడు. వీడొక్కణ్ణీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని జోలపాడతావా?"

డాక్టరు పకపకా నవ్వాడు. "మీ పెట్టెలో ఎనిమిదో గుంట పన్నూడిన చోటులా బోసిగా ఉంటుందని వదిన చెప్పింది. బోసినోళ్ళకి పళ్ళు కట్టేవాణ్ణి నేనే కదా!"

పుండు మీద కారం అంటే ఇదే. ఆయన చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాటుతుంటే డాక్టరు వెనకనుంచి పిలిచాడు.

"ఒక్కమాట. ఇది మసిబట్టినట్టుంది. ఇలాగే ఉంచనా, తోమనా? ఈ విద్యలో మీరే పెద్ద. మీరెలా అంటే అలా."

నాణేలు పోగేసేవాడు నేర్చుకునే మొదటి పాఠం, పాత వెండిని తోమకూడదని. గీతల్లో నిలిచిన ఆ నలుపు వల్లే కన్నూ కనుబొమా తెలుస్తాయి. గట్టిగా తోమితే ముందు అది పోతుంది, ఆ తర్వాత ముక్కు పోతుంది. ముఖం పోయిన చక్రవర్తిని ఎవడూ కన్నెత్తి చూడడు.

ఆయన గుమ్మంలోనే నిలబడి లెక్క వేశాడు. ఎదుటి కొట్లో మన దగ్గర లేని సరుకుంటే చెయ్యగలిగినవి రెండే. కొనెయ్యడం, కాకపోతే దాని విలువ పడగొట్టడం. మొదటిదానికి వీడు కాదన్నాడు.

"తోమక? చక్రవర్తి అన్నాక నిగనిగలాడొద్దూ! పళ్ళు మెరిపించే మిషనుందిగా నీ దగ్గర. కాస్త గరుకు పొడి అద్ది అరగంట పట్టించు."

"అరిగిపోదు కదా?"

"రెండు వేల ఏళ్ళకి అరగనిది నీ అరగంటకి అరుగుతుందిటయ్యా!"

ఇంటికొచ్చేసరికి భార్య ఎదురొచ్చింది. "పన్నునొప్పి తగ్గిందా? మరి ఆముదం తాగినట్టు ఆ ముఖమేమిటి?"

"నీ చెల్లెలి మొగుడు ఓథోని కొన్నాడు! పళ్ళు పీకేవాడికి చక్రవర్తులెందుకు? కావాలని కొన్నాడు, నా కళ్ళముందు ఆడించడానికి!"

"ఉన్న పదకొండుమందీ ఏనాడైనా సంచీ పట్టుకెళ్ళి కూరలు తెచ్చారా? ఆ పన్నెండోవాడు లేకపోతే మనకేం ఆగిపోయింది?" అని ఆవిడ గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆమె మాట ఆయనకు పట్టలేదు. ఆ తర్వాత మూడు రోజులూ కొట్లో హుషారుగా ఉన్నాడు. అడగకుండానే మేకులు మొగ్గుగా తూచాడు. గిర్రున తిరిగే బ్రష్షు కింద ఒక్కొక్క వంకీ లేచిపోవడం తలుచుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

ఆదివారం ఆయన యాభయ్యైదో పుట్టినరోజు. మరదల్ని వెంటబెట్టుకుని డాక్టరు వచ్చాడు. ఎన్నడూ ఆ మఖమల్ పెట్టె జోలికి పోని భార్య, తనే దాన్ని తెచ్చి బల్లమీద మూత తెరిచి పెట్టింది.

"ఏదీ, చెయ్యి పట్టండన్నయ్యా" అన్నాడు డాక్టరు. కట్టుడు పళ్ళు పెట్టే చిన్న డబ్బా తీసి, దూదిలోంచి ఓ నాణేన్ని ఆయన అరచేతిలో జారవిడిచాడు. "వదిన సగం వేసింది, మేం సగం వేశాం. నెల్నాళ్ళుగా దాస్తున్నాం. అసలుదో కాదో మీ చేతే తేల్చుకుందామని ఆ రోజు చూపించాను. మీ సొత్తుకి మీరే బేరమాడుతుంటే నవ్వాపుకోలేక చచ్చాను!"

ఆయన కిందికి చూశాడు. అద్దంలా ఉంది. ముక్కు లేదు, విగ్గు లేదు, అక్షరం లేదు. కాస్త వంచితే మాత్రం తన బట్టతల మసకమసకగా కనిపించింది.

"మీరు చెప్పింది అరగంటే కానీ, మీకిచ్చేదని ఇంకో పావుగంట ఎక్కువే పట్టించాను" అన్నాడు డాక్టరు.

"పెట్టండి మరి, మీ చేత్తో!" అంది భార్య.

పెట్టాడు. గుంట సరిగ్గా నిండింది. నాణేలు పన్నెండు, ముఖాలు పదకొండు.