బిగిసిన తాడు

"ఇంట్లో పసివాణ్ణి పెట్టుకుని ఖాళీ ఉయ్యాల బొమ్మ వేస్తారా మామయ్యా? ముందది చెరిపేయండి!" అన్నాను, చంకలో పిల్లాణ్ణి గట్టిగా అదుముకుని.

మామయ్య దుకాణాల బోర్డులు రాసే మనిషి. అత్తయ్య పోయిన నెలకి మళ్ళీ కుంచె పట్టి, ఒక పాత బోర్డు మీద మా గదే వేశారు. మూసిన కిటికీ, పెచ్చులూడిన గోడ, నడిమధ్య ఉయ్యాల.

"అది నీ కొడుకుది కాదమ్మా. మా పెద్దదానిది."

"ఏ పెద్దది? మీకు మీ అబ్బాయి ఒక్కరేగా!"

"వాడికంటే ముందు ఒకర్తి. నలభై రోజులుంది."

బొమ్మలో ఉయ్యాల తాడు బోర్డు అంచుదాకా బిగిసి ఉంది.

"లాగేవాళ్ళు లేకుండా తాడు అలా ఎలా బిగుస్తుంది మామయ్యా?"

"మీ అత్తయ్య లాగుతోంది, అంచుకి అవతల కూర్చుని. పిల్ల పోయాక కూడా ఏడాదిపాటు ఖాళీ ఉయ్యాల ఊపింది. ఆవిణ్ణి కూడా వేద్దామంటే నాకు చెయ్యాడలేదు."

అత్తయ్య నా కొడుకుని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. రాతిగుండె మనిషని వీధంతా చెప్పుకొచ్చాను. వాడు ఏడిస్తే మాత్రం గుమ్మంలో కూర్చుని, మొహం అటు తిప్పుకుని, వాడు పడుకునేదాకా తాడు లాగుతూనే ఉండేది.

"చెరిపేస్తాలే," అంటూ మామయ్య తెల్లరంగు డబ్బా మూత తీశారు.

"మూత పెట్టేయండి మామయ్యా."

పిల్లాణ్ణి ఉయ్యాలలో వేసి, అత్తయ్య కూర్చునే చోటే కూర్చుని తాడు అందుకున్నాను.

వాడు నిద్రపోయాడు. తాడు వదలాలంటే భయమేసింది.