ఇత్తడి పట్టీ

మధ్యాహ్నం మూడింటికి దొంగ కిటికీ చువ్వ వంచి హాల్లోకి దిగేసరికి, సర్వేయరమ్మ గోడమీది తుపాకీ దించి పట్టుకుని ఉంది.

"అక్కడే ఆగు," అంది.

దొంగ ఆగాడు. చేతిలో కత్తి ఉంది. తుపాకీ వంక చూశాడు. ఆమె వెనక వంటిల్లు, దాని అవతల బార్లా తీసి ఉన్న పెరటి తలుపు చూశాడు. వాడి మొహం విప్పారింది.

"పేల్చలేరు పిన్నిగారూ. వెనక తలుపు తీసే ఉంది."

"ఉంటే?"

"తప్పించుకునే దారి ఉండి కూడా చంపితే ఈ రాష్ట్రంలో హత్య కిందే లెక్క. ముందు పారిపోవాలి. దారి లేకపోతేనే కాల్చాలి. జైల్లో మూడేళ్ళు చట్టం పుస్తకాలే చదివాను."

"మరి పక్క రాష్ట్రంలో?"

"అమ్మో! అక్కడ ఇంట్లో దొంగ కనపడితే అడక్కుండా కాల్చేయొచ్చు. అందుకే అటు పనికి పోను." వాడు ఒక అడుగు ముందుకేశాడు. "మర్యాదగా పెరట్లోకి దయచేయండి. చట్టం మీకు చెప్పేది అదే."

వంటింటి పక్క గదిలో మూడు నెలల మనవరాలు నిద్రపోతోంది. పిల్ల తల్లి ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. తను పెరట్లోకి వెళ్తే ఆ గది వీడి పాలవుతుంది.

సర్వేయరమ్మ తుపాకీ దించకుండా వెనక్కి ఒక అడుగు వేసింది. వాడు ముందుకి ఒకటి వేశాడు.

"అదీ! చదువుకున్నవాళ్ళతో ఇదే సుఖం," అన్నాడు.

ఆమె ఇస్త్రీ బల్ల దాటింది. వంటింట్లోకి రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఆగారేం? తలుపు ఇంకో ఆరడుగులే."

"ఇంక నేను వెళ్ళక్కర్లేదు. కిందికి చూడు."

చూశాడు. హాలుకీ వంటింటికీ మధ్య, నేలలో అడ్డంగా, వేలెడు వెడల్పు ఇత్తడి పట్టీ ఉంది. వాడి కుడికాలు పట్టీ దాటింది. ఎడమకాలు దాటలేదు.

"ముప్పై నాలుగేళ్ళు సర్వే శాఖలో చేశాను. రెండు రాష్ట్రాల హద్దు కొలిచి రాళ్ళు పాతించింది నేనే. ఇంటి మధ్యలో రాయి పాతితే కాళ్ళకి తగులుతుందని ఇక్కడ పట్టీ వేయించాను. నువ్వు చదివిన చట్టం హాల్లో చెల్లుతుంది. వంటింట్లో పక్క రాష్ట్రం చట్టం."

దొంగ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాలా?"

"గీత గీసేవాడికి గోడలు కనపడతాయా? నీ కుడికాలు ఎక్కడుందో చూసుకుని మాట్లాడు."

వాడు కాలు వెనక్కి తీసుకోబోయాడు.

"కదిలావా, పేలుతుంది. నువ్వు ఏ పక్క పడితే ఆ పక్క చట్టం. గుండు తగిలినవాడు ముందుకి పడతాడో వెనక్కి పడతాడో నీ పుస్తకాల్లో రాశారా?"

రాయలేదు. కత్తి నేలమీద పడింది.

"అమ్మా," అన్నాడు దొంగ, "చేతులు తలమీద పెట్టుకోనా?"

"పెట్టుకో. కాళ్ళు మాత్రం అలాగే ఉంచు."

ఆమె ఒంటిచేత్తో స్టేషన్‌కి ఫోన్ చేసిన ఇరవై నిమిషాల్లో ఎస్సై వచ్చాడు. దొంగ పట్టీకి అటో కాలు ఇటో కాలు వేసుకుని అలాగే నిలబడి ఉన్నాడు. పాప ఇంకా లేవలేదు.

ఎస్సై వాడికి బేడీలు వేయించి, వాడు చెప్పిందంతా విని, పట్టీ దగ్గర గొంతుక్కూర్చుని తల గోక్కున్నాడు.

"చిక్కొచ్చిపడింది మేడమ్. దొరికినప్పుడు వీడు సగం మా రాష్ట్రంలో, సగం పక్క రాష్ట్రంలో. కేసు ఏ స్టేషన్లో రాయాలి?"

సర్వేయరమ్మ తుపాకీని మళ్ళీ గోడకి తగిలించింది.

"మీరే రాసుకోండి. హద్దు ఇక్కడికి మూడు మైళ్ళ ఏడు ఫర్లాంగులు. అది నేల పలకల అతుకు కనపడకుండా మేస్త్రీ కొట్టిన పట్టీ."