కంపెనీ వాటా

సుజిత్ గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. నమస్కారం పెట్టాడు. ఆ వెంటనే వంటింటి వైపు అనుమానంగా చూశాడు.

"కాసిని మంచినీళ్ళు..." అన్నాడు రామ్మోహన్.

"వద్దు సార్. తనిఖీకి వెళ్ళిన చోట ఏదీ పుచ్చుకోకూడదని కొత్త రూలు."

"మంచినీళ్ళు కూడానా?"

"అక్కడే మొదలవుతుందట."

కువైట్‌లోని ఆ మహబూలా ఫ్లాట్‌లో పొయ్యి పైన ఒక చిమ్నీ ఉంది. అందులో కొత్త రకం ఫిల్టరు ఉంది. దాని మీద పరిశోధనకు సగం ఖర్చు ఐరోపా ప్రభుత్వాలది, సగం కంపెనీలది. కంపెనీలు తమ సగాన్ని డబ్బుగానే ఇవ్వనక్కర్లేదు. పని చేసినట్టు చూపించినా చాలు. చూపించడంలో అవి ఎంత ఆరితేరాయంటే, చివరికి డబ్బిచ్చే బ్రస్సెల్స్‌కే అనుమానం వచ్చింది. ఇకపై కంపెనీ వాటాను మనిషి వెళ్ళి కళ్ళారా చూసి రావాలన్నారు. కువైట్ కంపెనీ వంతు వచ్చినప్పుడు సుజిత్‌ను పంపారు. విజయవాడలో పుట్టినవాడు తెలుగు వంటింట్లో మోసపోడని వాళ్ళ ధీమా.

సుజిత్ తల ఊపితే ప్రాజెక్టు ఉంటుంది. అడ్డంగా ఊపితే ఆ కంపెనీలో రామ్మోహన్ ఉద్యోగం, దాంతో ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా, దాంతో కూతురు శ్రేయ పన్నెండో తరగతి, అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే రామ్మోహన్ పొద్దుటి నుంచి ఏసీలో చెమటలు కక్కుతున్నాడు.

అతని భార్య రాజ్యశ్రీ మాత్రం నిబ్బరంగా నిలబడి ఉంది.

సుజిత్ స్టూలెక్కి చిమ్నీకి వేసిన సీలు చూశాడు. చెక్కుచెదరలేదు. ఫిల్టరు బయటికి లాగాడు. తెల్లగా ఉంది. వేలితో రాసి చూశాడు. వేలు కూడా తెల్లగానే ఉంది.

"ఏడాదిగా ఇక్కడ తెలుగు వంట చేస్తున్నారా?"

"మన తాలింపును తట్టుకుంటే ప్రపంచంలో దేన్నయినా తట్టుకుంటుందనే కదండీ మా ఇంట్లో పెట్టింది" అన్నాడు రామ్మోహన్.

"నిన్న రాత్రి మార్చారా?"

"అమ్మతోడు, లేదు!"

"స్విచ్ ఎవరు వేస్తారు?"

"నేనే" అంది రాజ్యశ్రీ. "రెండు పూటలా. ఒక్కరోజు మరిచిపోతే ఒట్టు."

చిమ్నీ ఎన్ని గంటలు తిరిగిందో చూపే మీటరు చూశాడు. ఆవిడ చెప్పింది నిజమే. అది అతనికి మరీ అనుమానంగా తోచింది.

అంతలో కాలింగ్ బెల్ మోగింది. కింది ఫ్లాట్ ముబీనా. రాయచోటి మనిషి. ఆ వీధిలో గదుల్లో ఉండే కుర్రాళ్ళకు వండి పంపుతుంటుంది. చేతిలో చిన్న పొట్లం పెట్టి, "ఇందక్కా, నువ్వడిగినావే. ఇంక ఆ దేవుడే దిక్కు!" అని నవ్వుకుంటూ దిగిపోయింది.

సుజిత్ కళ్ళు పొట్లం మీదే ఉన్నాయి. "ఏమిటది?"

"ఆవాలండీ."

విప్పించి చూశాడు. వాసన చూశాడు. ఆవాలే.

"ఇంట్లో ఆవాలు లేవా?"

"నెలాఖరు కదా" అంది రాజ్యశ్రీ. "బ్రస్సెల్స్‌లో ఉంటాయేమో మరి."

"సరే మేడమ్. నా కళ్ళ ముందు తాలింపు పెట్టండి. ఇంతకీ మీకు చెప్పారో లేదో. ఇక్కడ కంపెనీ వాటా అంటే మీ వంటే. ఏడాది పాటు మీరు పడ్డ శ్రమనంతా కంపెనీ తన పెట్టుబడిగా చూపించుకుంది."

రాజ్యశ్రీ మొగుడి వైపు తిరిగింది. అతను పైకప్పు వైపు తిరిగాడు.

"నా శ్రమా?" అంది. ఎందుకో ఆవిడకు దగ్గొచ్చింది.

"అవును. సరిగ్గా ఇలాంటివి బయటపెట్టడానికే రూల్సు మార్చారు. ఇంటావిడ కష్టం, కంపెనీ పేరు."

"కనుక్కున్నందుకు సంతోషం బాబూ" అంది రాజ్యశ్రీ, పోపు గరిటె కోసం మూడో సొరుగు లాగుతూ.

పప్పు అప్పటికే ఉడికింది. నూనె కాగింది. ఆవాలు చిటపటలాడి పొయ్యి చుట్టూ ఎగిరాయి. ఎండుమిరపకాయలు ఎర్రబడి, నల్లబడి, ఇంకా నల్లబడ్డాయి. ముగ్గురూ తుమ్మారు. రాజ్యశ్రీ స్విచ్ వేసింది. చూస్తుండగానే ఘాటంతా చిమ్నీలోకి పోయింది.

సుజిత్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఆశ్చర్యం! ఏడాది తరవాత కూడా కొత్తదానిలా లాగుతోంది!"

ఆ ఉత్సాహంలో రామ్మోహన్ ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆగాడు.

"ఏంటోయ్, పప్పు ఇవాళ ఎప్పటిలా లేదే?"

సుజిత్ గిర్రున తిరిగాడు. "ఎప్పటిలా లేదా? అంటే?"

రామ్మోహన్ నోట్లో ముద్దతోనే పెళ్ళాం వైపు చూశాడు.

"ఆఫీసరుగారు నెత్తిన నిలబడి చూస్తుంటే చెయ్యి వణకదా అండీ?" అంది రాజ్యశ్రీ. "రేపు మీ పక్కన అలా నిలబడితే మీ సంతకం ఎప్పటిలా వస్తుందా?"

సుజిత్ మొదటిసారి నవ్వాడు. ఇంకేం వెతకలేదు. "సారీ మేడమ్. అనుమానించడమే నా ఉద్యోగం" అన్నాడు. "కంపెనీ వాటా నిజంగా కనిపించిన ఇల్లు ఇదొక్కటే. ప్రాజెక్టు ఉంటుంది. ఇంకో వంద వంటిళ్ళలో ఈ ఫిల్టరు పెట్టమని నేనే చెబుతాను. ఈసారి ఆ ఇంటావిడల కష్టం వాళ్ళ పేరు మీదే రాయాలని కూడా చెబుతాను."

రామ్మోహన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయల వల్ల కాదు. సుజిత్‌ను హోటల్లో దింపి వస్తానని కారు తాళాలు అందుకున్నాడు.

కారు మలుపు తిరిగేదాకా బాల్కనీలోంచి చూసి, రాజ్యశ్రీ గబగబా కింది ఫ్లాట్‌కు దిగింది.

"ఖలాస్ ముబీనా, గండం గడిచింది; రేపటి నుంచి మళ్ళీ ఈ ఏడాదంతా పంపినట్టే రెండు పూటలా క్యారియర్ పంపించెయ్, ఆయన వచ్చేలోగా నా గిన్నెల్లోకి మార్చేసుకుంటాను."