కొలతకు చిక్కిన గోడ

“ఈ గది బయటి కొలతకీ లోపలి కొలతకీ మనిషి పట్టేంత తేడా వస్తోంది. ఎందుకంటారు, దొరసానీ?”

కొలత తాడు చుట్టుకుంటూ అడిగాడు హాబ్డే. రాణిగారు పంపిన సోదా మనుషులకు నాయకుడతను. వస్తూనే దివాణంలో ప్రతి గోడా తట్టి చూశాడు.

“మా మామగారి తాత కట్టించిన ఇల్లు. ఆయన్నే అడగండి,” అంది ఉర్సులా.

“ఆయనా దొరకడు, పాదిరీ దొరకడు. మీ ఇంట్లో మగాళ్ళంతా మాయమైపోయే రకమేనా?”

సైనికులు నవ్వారు. ఇంగ్లండులో ఇప్పుడు రోము మతం పాదిరి దొరికితే ప్రాణం ఉండగానే పేగులు తీస్తారు. దాచిన వాళ్ళకు ఉరి.

“ఆ మేస్త్రిని పట్టుకురండి! ఈ గోడ కొట్టిస్తాను,” అన్నాడు హాబ్డే.

వంటింట్లో రొట్టెల పొయ్యి మెత్తుతున్న తాపీమేస్త్రిని రెక్క పట్టుకుని తెచ్చారు. చొక్కా నిండా సున్నం. అతను సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బ పక్కకు జారింది.

“ఏరా, పొద్దున్నే పట్టించావా?”

“చలికి కాస్త బీరు పుచ్చుకున్నానండి.”

ఉర్సులా గోడకు అడ్డంగా నిలబడింది. “వద్దు! మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ గది వదిలేయండి.”

హాబ్డే ఆమెను పక్కకు నెట్టాడు. ఆమె కింద పడింది. మేస్త్రి సుత్తి దించేశాడు.

“అయ్యా, తమరికి ఒక్క మాట చెప్పాలి…”

“నోర్ముయ్!” అరిచింది ఉర్సులా. “నా రొట్టె తిని నా గోడమీదికే సుత్తి ఎత్తావు. పైగా మాటలా? కొట్టు! కొట్టి నీ కూలి తీసుకుని పో!”

“విన్నావుగా, దొరసానే కొట్టమంటోంది,” అంటూ హాబ్డే పగలబడి నవ్వాడు.

మేస్త్రి మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆగకుండా కొట్టాడు. ఇటుకలు రాలాయి. వెనక ఇరుకు గూడు. అందులో నల్లని అంగీ, వెండి సిలువ, సగం తిన్న రొట్టె. హాబ్డే రొట్టె నొక్కి చూశాడు.

“ఇంకా మెత్తగానే ఉంది! ఇదిగో, కిందికి తూము కూడా. మనం రాకముందే అడవిలోకి జారుకున్నాడు. కుక్కల్ని వదలండి!”

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

“వాడు దొరికినా దొరక్కపోయినా నీకు ఉరి తప్పదు. ఈ అంగీ చాలు. మేస్త్రీ, మేం వచ్చేదాకా ఈవిడను కదలనివ్వకు. పారిపోయిందో, నీ తోలు ఒలిపిస్తాను.”

బూట్ల చప్పుడు మెట్లు దిగి, కందకం మీది వంతెన దాటి, అడవి వైపు సాగిపోయింది.

ఉర్సులా లేవలేదు. ఆ ఇటుక పొడిలోనే మోకాళ్ళ మీద జరుగుతూ మేస్త్రి ముందుకు వచ్చి తల వంచింది.

“నన్ను దీవించండి, ఫాదర్.”